ఓట్లు అవే, విజేతే వేరు

సందేహాలు – సమాధానాలు

ఎన్నికల లెక్కల మీద చాలా ఉత్తరాలు వచ్చాయి. ఫలానా పార్టీ ఎందుకు గెలిచిందని అడిగినవి పక్కన పెట్టాను. అవే ఓట్లను ఇంకోలా లెక్కపెట్టి ఉంటే ఎవరు గెలిచేవారన్న విషయం చుట్టూ తిరిగేవే ఈసారి తీసుకున్నాను.

*

ప్రశ్న: పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో నేను ఒక్కరికే 1 వేసి వచ్చాను. ఇంకొకరికి 2 వేస్తే మన మనిషికి నష్టం కదా అని మా స్నేహితులంతా అలాగే చేశారు. మేం చేసింది సరైనదేనా? పైగా కోటా ఎవరికీ రాలేదంటూనే ఒకరు గెలిచినట్టు ప్రకటించారు. అదెలా కుదిరింది?
– ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మీ స్నేహితుల భయంలో పస లేదండీ. మీరు 1 వేసిన అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ మీ 2 ఎవరికి పడిందో ఎవరూ చూడరు. ఆయన ఎలిమినేట్ అయ్యాకే ఆ కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంటారు. 2 వేసినంత మాత్రాన మీ 1కి వెంట్రుకవాసి నష్టం కూడా ఉండదు. వేయకపోతే మాత్రం, మీ మనిషి ఔటయిన క్షణంలోనే మీరూ ఔటవుతారు. మిగిలిన ఇద్దరిలో ఎవరు నయమో చెప్పే అవకాశం చేజేతులా వదులుకున్నట్టు.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి కలిపితే కోటా. దాన్ని మొదట్లో ఒకసారి కడతారు, మళ్లీ తగ్గించరు. 2025లో కరీంనగర్–మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్ స్థానానికి 56 మంది నిలబడ్డారు. కింది నుంచి ఒక్కొక్కరినీ తీసేస్తూ, వాళ్ల కాగితాలను పైవాళ్లకు పంచుతూ వచ్చారు. చివరికి దాదాపు 60 వేల ఓట్లతో మూడో స్థానంలో ఉన్న బీఎస్పీ అభ్యర్థి ప్రసన్న హరికృష్ణ కూడా ఔటయ్యారు. అప్పటికీ బీజేపీ అభ్యర్థి చిన్నమైల్ అంజిరెడ్డికి గానీ, కాంగ్రెస్ అభ్యర్థి నరేందర్‌రెడ్డికి గానీ కోటా అందలేదు. మీలా ఒకటో రెండో నంబర్లతో ఆపేసినవాళ్ల కాగితాలు మధ్యలోనే ఆగిపోయాయి మరి. బరిలో ఇద్దరే మిగిలాక ముందున్నవారే విజేత అన్నది నిబంధన. అలా సుమారు అయిదు వేల తేడాతో అంజిరెడ్డి గెలిచారు.

ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు 28 వేల దాకా ఉన్నాయి, అంటే గెలిచిన తేడాకు అయిదింతలు పైమాటే. అధికారులిచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అంకె వేయాలి. టిక్కు పెట్టినా, అంకెకు బదులు ‘ఒకటి’ అని అక్షరాల్లో రాసినా, ఇద్దరికి 1 వేసినా ఓటు చెల్లదు. ఓటర్లంతా డిగ్రీ చదివినవాళ్లేనని గుర్తుచేయడం తప్ప నేను చేసే వ్యాఖ్య ఏమీ లేదు.

రెండో అంకెకు విలువేముందిలే అనుకునేవాళ్లు 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఫలితం చూడాలి. మొదటి ప్రాధాన్యత ఓట్లలో వైఎస్సార్సీపీ అభ్యర్థి ముందున్నారు. పీడీఎఫ్ అభ్యర్థి ఎలిమినేట్ అయ్యాక ఆయన కాగితాల మీది రెండో ప్రాధాన్యతలతో తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్‌రెడ్డి దాటిపోయారు.

*

ప్రశ్న: 1969 రాష్ట్రపతి ఎన్నికలో మా జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డిగారు ఓడిపోవడానికి రెండో ప్రాధాన్యత ఓట్లే కారణమని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, అనంతపురం

జవాబు: నిజానికి రెండో ప్రాధాన్యతలు ఆయన్ను గెలుపు అంచుదాకా తీసుకొచ్చాయి. అంకెలు చూడండి. మొదటి లెక్కలో వి.వి.గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. (ఇవి మనుషుల లెక్క కాదు, ఓటు విలువల లెక్క. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132, ఎంపీది 700.) కోటా 4,18,169. గిరి దానికి పదహారు వేల పైచిలుకు దూరంలో ఆగిపోయారు.

స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. మీ రెండో ప్రాధాన్యత మా అభ్యర్థి సంజీవరెడ్డికి వేయండని ఆ పార్టీలను అడిగింది కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప. అలా అడగడమే ప్రధాని ఇందిరాగాంధీ చేతికి ఆయుధమైంది. అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటు వేయాలని ఆమె పిలుపునిచ్చారు. దేశ్‌ముఖ్, ఇతర చిన్న అభ్యర్థుల కాగితాలు పంచాక సంజీవరెడ్డికి కొత్తగా దాదాపు 92 వేలు, గిరికి పద్దెనిమిదిన్నర వేలు కలిశాయి. చివరి లెక్క: గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రాష్ట్రపతి ఎన్నిక మొదటి లెక్కలో తేలకపోవడం ఆ ఒక్కసారే. ఓడిన సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి కావడం మీకు తెలిసిందే.

మీ నాన్నగారు గమనించని సంగతి ఇంకొకటుంది. రెండో ప్రాధాన్యతలు లెక్కపెట్టారని మనం అంటాం గానీ, లెక్కపెట్టింది ఓడిపోయి పక్కకు తప్పుకున్నవాళ్ల కాగితాల మీదివే. గిరి కట్టలో, సంజీవరెడ్డి కట్టలో ఉన్న ఏడు లక్షల పైచిలుకు విలువ గల ఓట్ల మీద 2 ఎవరికి పడిందో ఎవరూ లెక్కించలేదు. నిబంధన ప్రకారం ఆ అవసరం రాలేదు. గిరి అనుచరులు సంజీవరెడ్డి కంటే దేశ్‌ముఖ్ నయమనుకున్నారా? సంజీవరెడ్డి అనుచరులు గిరి కంటే దేశ్‌ముఖ్ మేలనుకున్నారా? రెండూ నిజమైతే, మూడో స్థానంలో ఔటయిన దేశ్‌ముఖ్ ఇద్దరినీ విడివిడిగా ఓడించగలిగినవారై ఉండేవారు. అలా జరిగిందని నేననడం లేదు. జరిగి ఉన్నా ఆ లెక్కలో కనబడదంటున్నాను.

*

ప్రశ్న: మా ఊళ్లో నగర ఎన్నికలకు ఇదే ప్రాధాన్యత ఓటింగ్ వాడతారు. దీంతో ఓట్లు చీలే సమస్యే ఉండదని, మనసుకు నచ్చినవాళ్లకు ధైర్యంగా 1 వేయొచ్చని ఇక్కడ ప్రచారం చేస్తారు. ఇండియాలో అన్ని ఎన్నికలకూ ఇదే పెడితే బాగుంటుంది కదా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మినియాపొలిస్, అమెరికా

జవాబు: సగం నిజం. గెలిచే ఆశ ఏమాత్రం లేని చిన్న అభ్యర్థికి ధైర్యంగా 1 వేయొచ్చు, ఇబ్బంది లేదు. ముగ్గురూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే చిక్కంతా. ఇందాక దేశ్‌ముఖ్ విషయంలో తెలియదన్నది మీ దేశంలో రెండుసార్లు బయటపడింది. అక్కడ ఏ ఓటు కాగితం మీద ఏ అంకె ఎవరికి పడిందో పేర్లు లేకుండా ప్రకటించారు.

మొదటిది వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ మేయర్ ఎన్నిక, 2009. చిన్నవాళ్లందరూ ఔటయ్యాక ముగ్గురు మిగిలారు. రిపబ్లికన్ కర్ట్ రైట్‌కు 3,294, ప్రోగ్రెసివ్ పార్టీ బాబ్ కిస్‌కు 2,981, డెమోక్రాట్ ఆండీ మాంట్రోల్‌కు 2,554. మాంట్రోల్ ఔట్. చివర్లో కిస్ 4,313, రైట్ 4,061. కిస్ మేయరయ్యారు. అంతా సజావుగానే ఉన్నట్టుంది కదూ? కాగితాలన్నీ ముందేసుకుని ఇద్దరిద్దరిని పోల్చి చూస్తే మాంట్రోల్ కిస్‌ను దాదాపు ఆరు వందల ఓట్లతో, రైట్‌ను తొమ్మిది వందలకు పైగా ఓట్లతో ఓడిస్తున్నారు. ముఖాముఖిలో ఎవరి చేతిలోనూ ఓడని మనిషి మూడో స్థానంలో ఇంటికెళ్లారు. ఎక్కువమందికి ఆయన రెండో ఇష్టం. ఈ పద్ధతిలో రెండో ఇష్టాలు అక్కరకొచ్చేలోగా ఇలాంటివాళ్లు మొదటి ఇష్టాలు తక్కువై మునిగిపోతారు.

రైట్‌కు 1 వేసినవాళ్ల సంగతి చూడండి. వాళ్లలో ఎక్కువమందికి కిస్ కంటే మాంట్రోల్ నయం. తమ మనిషిని వదిలేసి మాంట్రోల్‌కే 1 వేసి ఉంటే రెండో ఇష్టమైనా దక్కేది. ధైర్యంగా మనసులోని మాట రాసినందుకు అందరికంటే నచ్చని మనిషి దక్కాడు.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. రైట్ ఓటర్లలో, ఎక్కువగా కిస్‌కు 2 వేసినవాళ్లలో, ఓ 750 మంది మనసు మార్చుకుని కిస్‌కే 1 వేసి ఉంటే ఏమయ్యేది? రైట్ 2,544కు పడిపోయి ఆయనే ఔటయ్యేవారు. మాంట్రోల్ బతికిపోయి, చివరి పోరులో కిస్‌ను ఓడించేవారు. అంటే గెలిచిన మనిషికి అదనంగా 750 ఓట్లు పడితే ఓడిపోయేవాడు! ఓటు పడితే నష్టమేమిటని మామూలు బుద్ధికి అనిపిస్తుంది. రౌండు రౌండుకూ ఒకరిని తీసేసే పద్ధతులన్నింటికీ ఈ జబ్బు ఉంది.

రెండోది 2022 ఆగస్టులో అలాస్కా కాంగ్రెస్ ఉపఎన్నిక. డెమోక్రాట్ మేరీ పెల్టోలాకు సుమారు 75,800, రిపబ్లికన్ సారా పాలిన్‌కు 59 వేలు, ఇంకో రిపబ్లికన్ నిక్ బెగిచ్‌కు 53,800. బెగిచ్ ఔట్, చివరికి పెల్టోలా గెలుపు. ఇక్కడా కాగితాలు చెప్పింది వేరు. బెగిచ్ పెల్టోలానూ ఓడించగలరు, పాలిన్‌నూ ఓడించగలరు. పాలిన్‌కు 1, బెగిచ్‌కు 2 వేసిన వాళ్లలో ఓ ఆరు వేల మంది పోలింగ్ నాడు ఇల్లు కదలకుండా ఉండి ఉంటే పాలిన్ మూడో స్థానానికి పోయి, వాళ్ల రెండో ఇష్టమైన బెగిచ్ గెలిచేవారు. ఓటు వేయడానికి వెళ్లడమే వాళ్లకు చేటు చేసింది. రెండో అంకె మొదటి అంకెకు చేటు చేయదని కరీంనగర్ అధ్యాపకుడికి చెప్పిన మాట ఇప్పటికీ నిజమే. ఒక్కోసారి మొదటి అంకే రెండోదానికి చేటు చేస్తుంది.

అయితే ఒకటి. అమెరికాలో ఇప్పటిదాకా జరిగిన ఇలాంటి ఎన్నికల్లో చాలా వాటిలో ముఖాముఖి విజేతే గెలిచారు. ఈ రెండూ అరుదైనవి. బర్లింగ్టన్‌లో మన అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పద్ధతి ఉండి ఉంటే మొదటి స్థానంలో ఉన్న రైట్ గెలిచేవారు. ఆయన కిస్ చేతిలోనూ, మాంట్రోల్ చేతిలోనూ ఓడే మనిషి. బర్లింగ్టన్ జనం 2010లో కోపంతో ఈ పద్ధతిని రద్దు చేసుకున్నారు. దశాబ్దం గడిచాక మళ్లీ తెచ్చుకున్నారు. అలాస్కాలో బెగిచ్ 2024 నవంబరులో పెల్టోలాను ఓడించి కాంగ్రెస్‌కు వెళ్లారు. అదీ ఇదే పద్ధతిలో.

*

ప్రశ్న: 2009లో ప్రజారాజ్యం ఓట్లు చీల్చకపోయి ఉంటే ఫలితం తారుమారయ్యేదని మా ఇంట్లో ఇప్పటికీ గొడవే. మీరు తేల్చండి.
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నేను తేల్చలేనమ్మా, ఎవరూ తేల్చలేరు. ప్రజారాజ్యానికి సుమారు 16 శాతం ఓట్లు, 18 సీట్లు వచ్చాయి. కాంగ్రెస్ 37 శాతానికి కాస్త లోపు ఓట్లతోనే 294లో 156 సీట్లు తెచ్చుకుంది. ఆ 16 శాతం మంది, ఆ పార్టీ లేకపోతే ఎటు వెళ్లేవారో మన ఈవీఎం అడగలేదు. మనది ఒక్క మీట పద్ధతి. ‘మీ తర్వాతి ఇష్టం ఎవరు’ అన్న ప్రశ్నే అందులో లేదు. అడగని ప్రశ్నకు జవాబు ఎవరి మనసుకు నచ్చినట్టు వాళ్లు రాసుకుంటారు, అందుకే మీ ఇంట్లో గొడవ ఆగదు. ‘చీల్చారు’ అనే మాటలో ఆ ఓట్లు ముందే ఎవరి సొంతమో అన్న నమ్మకం ఉంది. ఆ మూడో పార్టీకి ఓటు వేసిన మనిషి అందుకు ఒప్పుకోకపోవచ్చు.

*

ప్రశ్న: రోడ్డు రోలర్ గుర్తు వల్ల కారు గుర్తు అభ్యర్థి ఓడిపోవడం కూడా మీరు చెప్పే ఓట్ల చీలికేనా?
– ఒక పాఠకుడు, భువనగిరి

జవాబు: కాదు. 2019లో మీ లోక్‌సభ స్థానంలో కారు గుర్తు టీఆర్ఎస్ ఓడింది 5,219 ఓట్లతో, చూడ్డానికి కారులా అనిపించే రోడ్డు రోలర్ గుర్తుకు పడినవి 27 వేలకు పైనే. అందులో పొరపాటున పడినవి ఎన్నో చెప్పలేం గానీ, పొరపాటున పడ్డ ఓటు ఇష్టం కిందికి రాదు. దానికి మందు గుర్తుల కేటాయింపులో ఉంది, లెక్కించే పద్ధతిలో లేదు.

*

ప్రశ్న: ఫ్రాన్స్‌లోలా రెండు విడతల పోలింగ్ పెడితే? సగం మందికి పైగా ఒప్పుకున్నవాళ్లే గెలుస్తారు కదా.
– ఒక న్యాయవాది, రాజమహేంద్రవరం

జవాబు: సగం దాటించడం సులువే, ఇద్దరినే మిగిలిస్తే ఎవరో ఒకరు దాటక తప్పదు. ఆ ఇద్దరు ఎవరన్నదే అసలు ప్రశ్న. 2002 ఏప్రిల్ 21న ఫ్రాన్స్ మొదటి విడతలో 16 మంది నిలబడ్డారు. జాక్ షిరాక్‌కు 19.88 శాతం, జాన్ మారీ లెపెన్‌కు 16.86, ప్రధాని లియోనెల్ జోస్పాన్‌కు 16.18. రెండో విడతలో షిరాక్‌తో హోరాహోరీ తలపడతాడనుకున్న జోస్పాన్ మొదటి విడతలోనే పోయాడు. లెపెన్‌కూ ఆయనకూ తేడా రెండు లక్షల ఓట్లకు లోపే. జోస్పాన్‌కు దగ్గరి భావాలున్న క్రిస్టియాన్ టోబిరా ఒక్కరికే ఆరున్నర లక్షలు దాటాయి. రెండో విడతలో షిరాక్ 82 శాతంతో గెలిచాడు. ఆ 82 శాతంలో ఆయనంటే ఇష్టమున్నవాళ్లు ఎందరో, లెపెన్ రాకూడదని ముక్కు మూసుకుని వేసినవాళ్లు ఎందరో మీరే ఊహించుకోండి. ఇక మన దగ్గర ఒక్క విడత పోలింగ్‌కే వారాల తరబడి ఎన్నికల కోడ్ అమల్లో ఉంటుంది. రెండో విడతంటే మీ కోర్టు వాయిదాలు కూడా చిన్నవిగా అనిపిస్తాయి.

*

ప్రశ్న: మా పాఠశాల పాటల పోటీలో అయిదుగురు న్యాయనిర్ణేతలం. ప్రతి ఒక్కరం మాకు నచ్చిన మొదటి వారికి 2, రెండో వారికి 1, మూడో వారికి 0 మార్కులు వేశాం. ముగ్గురం ఎనిమిదో తరగతి అమ్మాయికే మొదటి స్థానం ఇచ్చాం. అయినా తొమ్మిదో తరగతి అబ్బాయికి బహుమతి వచ్చింది. లెక్క తప్పిందా?
– ఒక తెలుగు పండిట్, సూర్యాపేట

జవాబు: మీరు పంపిన మార్కుల కాగితం చూశాను. కూడిక సరిగ్గానే ఉంది. మీరు ముగ్గురూ వేసిన వరస: అమ్మాయి, తొమ్మిదో తరగతి అబ్బాయి, ఏడో తరగతి పిల్లాడు. మిగిలిన ఇద్దరూ వేసింది: తొమ్మిదో తరగతి అబ్బాయి, ఏడో తరగతి పిల్లాడు, అమ్మాయి. అమ్మాయికి మూడు రెళ్లు ఆరు. అబ్బాయికి మీ దగ్గర మూడు, వాళ్ల దగ్గర నాలుగు, వెరసి ఏడు. పిల్లాడికి రెండు.

ఇప్పుడు ఏడో తరగతి పిల్లాడికి ఆ రోజు జలుబు చేసి రాలేదనుకోండి. ఇద్దరే ఉంటే మొదటి వారికి 1, రెండో వారికి 0. అమ్మాయికి 3, అబ్బాయికి 2. అమ్మాయిదే బహుమతి. గెలిచే ఆశ ఏమాత్రం లేని పిల్లాడు వచ్చి రెండు చరణాలు పాడి వెళ్లినందుకు బహుమతి చేతులు మారింది.

ఇలా వరసకు మార్కులు వేసే లెక్కకు ఫ్రెంచి గణితవేత్త, నావికాధికారి బోర్డా పేరు ఉంది. 1770లో ఆయన దీన్ని ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ముందుంచాడు. తర్వాత అకాడమీ తన సభ్యుల ఎన్నికకే కొంతకాలం దీన్ని వాడింది. పసిఫిక్ ద్వీపదేశం నౌరూ పార్లమెంటు ఎన్నికల్లో దీని చుట్టమే ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి సగం, మూడో స్థానానికి మూడో వంతు చొప్పున వేస్తారు.

ఇందులో మంచి కూడా ఉంది. కొందరికి ప్రాణం, మిగతావాళ్లకు గిట్టని మనిషి కంటే అందరికీ ఫరవాలేదనిపించే మనిషిని ఇది పైకి తెస్తుంది. బర్లింగ్టన్‌లో మాంట్రోల్ లాంటివాళ్లకు ఇది అనుకూలం. కానీ మోసానికి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఆ ఇద్దరు న్యాయనిర్ణేతలు అమ్మాయిని నిజంగానే మూడో స్థానంలో చూశారా, లేక తమ అబ్బాయికి పోటీ ఆమే అని తెలిసి కావాలని అడుక్కి తోశారా? కాగితం చూసి చెప్పలేం. వాళ్లు ఆమెను రెండో స్థానంలో పెట్టి ఉంటే ఆమెకు ఎనిమిది వచ్చి గెలిచేది. వచ్చే ఏడాది అయిదుగురూ వేర్వేరుగా కూర్చుని, ఒక్కో పాట అయిన వెంటనే నూటికి మార్కులు వేసి కవరులో పెట్టండి. ఎక్కువ తక్కువ మార్కులు ఒక్కొక్కటి తీసేసి మిగిలిన మూడూ కూడండి.

*

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో సంఘం దగ్గరున్న డబ్బుతో ఒక్క పనే చేయగలం: కొత్త లిఫ్ట్, బోరు, సీసీ కెమెరాలు. కమిటీలో తొమ్మిది మందిమి. రెండేసి పనులకు చేతులెత్తించి ఓటింగ్ పెట్టారు. ఎప్పుడు పెట్టినా కార్యదర్శి కోరుకున్నదే గెలుస్తోంది. ఆయన ఎవర్నీ కొనలేదని నాకు తెలుసు. మరెలా?
– ఒక ఫ్లాట్ యజమాని, కూకట్‌పల్లి

జవాబు: కొనాల్సిన పని లేదు, ఏది చివర్న పెట్టాలో తెలిస్తే చాలు. మీరు రాసిన వివరాల ప్రకారం ముగ్గురికి లిఫ్ట్, తర్వాత బోరు, తర్వాత కెమెరాలు. పై అంతస్తుల వాళ్లు కాబోలు. ముగ్గురికి బోరు, కెమెరాలు, లిఫ్ట్. ఇంకో ముగ్గురికి కెమెరాలు, లిఫ్ట్, బోరు.

లిఫ్టా, బోరా అంటే 6–3తో లిఫ్ట్. బోరా, కెమెరాలా అంటే 6–3తో బోరు. అలాగైతే కెమెరాల మీద లిఫ్ట్ సునాయాసంగా గెలవాలి కదా? గెలవదు. 6–3తో కెమెరాలే గెలుస్తాయి. తొమ్మిది మందిలో ఎవరి బుర్రలోనూ తిరకాసు లేదు, ఒక్కొక్కరి వరస ఒక్కొక్కరికి స్పష్టం. తొమ్మిది మందినీ కలిపితేనే గుండ్రంగా తిరుగుతోంది. అందుకే మొదట ఏ రెండింటికి పోటీ పెట్టినా, ఆఖర్న ఉంచిన మూడోది వచ్చి గెలుస్తుంది. మీ కార్యదర్శికి కెమెరాలు కావాలంటే ముందు లిఫ్టుకూ బోరుకూ పోటీ పెడతాడు. అంతే.

ఈ చక్రాన్ని 1785లో ఫ్రెంచి తత్వవేత్త కాండోర్సే తన పుస్తకంలో చూపించాడు. ముఖాముఖిలో అందరినీ ఓడించేవారే న్యాయమైన విజేత అన్న కొలమానం కూడా ఆయనదే. బర్లింగ్టన్, అలాస్కా గురించి మాట్లాడినప్పుడు నేను వాడింది అదే. అలాంటి విజేత ప్రతిసారీ ఉండడని చెప్పిందీ ఆయనే. ఆయన బోర్డాకు సమకాలికుడు, అదే అకాడమీలో సహచరుడు. విప్లవానికి రాజ్యాంగం రాయబోయి, అదే విప్లవం జైల్లో 1794లో చనిపోయాడు.

అన్ని విషయాల్లోనూ చక్రం పడదు. నెలనెలా మెయింటెనెన్స్ 2,000 ఉండాలా, 2,500 ఉండాలా, 3,000 ఉండాలా అన్నది తీసుకోండి. 3,000 కోరేవాడికి 2,500 రెండో ఇష్టం. 2,000 కోరేవాడికీ అంతే. 3,000 తర్వాత 2,000 కావాలనేవాడు అరుదు. ఇలా ఒకే గీత మీద ఎక్కువ తక్కువలుగా పేర్చగలిగే విషయాల్లో మధ్యలో ఉన్న సభ్యుడి అంకె ముఖాముఖిలో ఎప్పుడూ గెలుస్తుందని 1948లో డంకన్ బ్లాక్ చూపించాడు. అప్పుడు కార్యదర్శి వరస ఎలా మార్చినా ఫలితం మారదు. లిఫ్ట్, బోరు, కెమెరాలు ఒక గీత మీద నిలబడేవి కావు. అజెండా వరసను చీటీలు తీసి నిర్ణయించండి, కనీసం అధికారం ఒక్కడి చేతిలో ఉండదు.

*

ప్రశ్న: కెన్నెత్ ఆరో అనే ఆయన ప్రజాస్వామ్యం అసాధ్యమని గణితంతో రుజువు చేసి నోబెల్ తెచ్చుకున్నాడట. మరి మనమెందుకు క్యూలో నిలబడడం?
– ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: ఆయన అలా అనలేదు బాబూ. 1951లో ప్రచురించిన పుస్తకంలో ఆరో రుజువు చేసింది ఇది: ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్నప్పుడు, ఓటర్ల వరసలను మాత్రమే తీసుకుని సమాజానికంతటికీ ఒక వరస కట్టాలంటే, మనం కోరుకునే చిన్న చిన్న షరతులన్నీ ఒకేసారి నెరవేరవు. అందరూ ఒకరే మేలంటే ఆ ఒకరే పైన ఉండాలన్నది ఒక షరతు. ఇద్దరిలో ఎవరు పైన అన్నది ఆ ఇద్దరి గురించి జనం అనుకున్నదాన్ని బట్టే తేలాలి, సూర్యాపేట ఏడో తరగతి పిల్లాడి లాంటి మూడోవాడు వస్తే తారుమారు కాకూడదన్నది ఇంకొకటి. ఇవన్నీ ఎప్పుడూ నెరవేరాలంటే ఒక్క మనిషి మాటే చెల్లాలి, అంటే నియంత ఉండాలి. ‘ఎప్పుడూ’ అన్న మాట గమనించు. చాలా ఎన్నికల్లో ఏ చిక్కూ రాదు. 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ దారిలోనే నడిచిన మన అమర్త్యసేన్‌కు 1998లో వచ్చింది.

వరస అడగకుండా, నచ్చినవాళ్లందరికీ టిక్కు పెట్టమంటే ఆరో పెట్టిన షరతుల నుంచి తప్పించుకోవచ్చన్నది ఒక ఉపాయం. అమెరికాలో ఫార్గో నగరం 2020 నుంచి దాన్ని వాడింది, 2025లో ఆ రాష్ట్ర చట్టసభ నిషేధించింది. అందులోనూ ఎత్తులు ఉంటాయి. నా మనిషికి టిక్కు పెట్టాక, ఫరవాలేదనిపించే రెండో మనిషికి కూడా పెడితే ఆయనే నా మనిషిని ఓడిస్తాడేమో? ఇలాంటి లెక్కలు వేసుకునే అవకాశమే లేని పద్ధతి కావాలంటే, నియంతను గానీ లాటరీని గానీ ఆశ్రయించక తప్పదని 1973లో గిబ్బార్డ్, 1975లో సాటర్‌థ్వెయిట్ చేసిన పని చెబుతుంది. క్యూలో నిలబడు. వెళ్లేముందు మాత్రం మన నిబంధన మనల్ని ఏం అడుగుతోందో, ఏం అడగడం లేదో తెలుసుకుని వెళ్లు.

*

ప్రశ్న: నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఏమీ కాదు. దాని తర్వాత ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారే గెలిచినట్టు. 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో మీట వచ్చింది గానీ దానికి బలం రాలేదు. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు 2018లో తమ స్థానిక ఎన్నికల వరకు దాన్ని ఒక అభ్యర్థి కిందే లెక్కించేలా నిబంధన మార్చాయి.

*

ప్రశ్న: అన్నింటికీ వంకలు పెట్టారు. మన శాసనసభకు మీరైతే ఏది పెడతారు?
– ఒక గృహిణి, విజయనగరం

జవాబు: ప్రాధాన్యత ఓటే పెడతానమ్మా, మూడు అంకెలకు పరిమితం చేసి. బర్లింగ్టన్ లాంటి ప్రమాదం అరుదుగా వస్తుంది. ముప్పై అయిదు శాతంతో గెలవడం మన దగ్గర త్రిముఖ పోటీల్లో తరచూ జరుగుతుంది.

కానీ నిబంధన మార్చగానే అలవాటు మారుతుందనుకోవద్దు. పక్కనే శ్రీలంక ఉంది. అధ్యక్ష ఎన్నికలో మూడు ప్రాధాన్యతలు రాసే హక్కు 1978 రాజ్యాంగంతోనే ఇచ్చారు. 2024 సెప్టెంబరులో మొదటిసారి ఎవరికీ సగం రాలేదు. అనూర కుమార దిసనాయకకు 42.31 శాతం, సజిత్ ప్రేమదాసకు 32.76. మిగిలినవాళ్లందరినీ ఒక్కసారిగా తీసేసి వాళ్ల కాగితాలు తిరగేశారు. అవి దాదాపు 33 లక్షలు. వాటిలో ఈ ఇద్దరికీ కలిపి కొత్తగా చేరినవి 2.73 లక్షలే. పదింటిలో ఒకటి కూడా కాదు. తక్కిన ఓటర్లలో ఎక్కువమంది కరీంనగర్ స్నేహితుల్లా ఒక్క గుర్తుతో ఆపేశారు. దిసనాయక గెలిచారు, చెల్లిన ఓట్లలో 43 శాతంతో. సగం కోసం పెట్టిన పద్ధతి సగం దాకా రాలేదు. ఓటర్లకు చెప్పాల్సిన పార్టీలు, తమ గుర్తు తప్ప ఇంకోటి చూడొద్దనే చెబుతాయి మరి.

*

ప్రశ్న: మా వార్డులో ఇద్దరికి సమానంగా ఓట్లు వస్తే చీటీ తీసి గెలుపు ప్రకటించారు. చదువుకున్న అధికారులు చేయాల్సిన పనేనా ఇది?
– ఒక యువజన సంఘం సభ్యుడు, పాలకొల్లు

జవాబు: అంతకంటే మంచి పని లేదు. ఇద్దరే బరిలో ఉంటే, ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలవాలన్న నిబంధనకు పైన చెప్పిన జబ్బులేవీ అంటవని 1952లో కెన్నెత్ మే అనే గణితవేత్త చూపించాడు. ఓటర్లందరినీ ఒకేలా, అభ్యర్థులిద్దరినీ ఒకేలా చూసే నిబంధనల్లో దానికి సాటి లేదు. సమానమైతే మాత్రం, ఎవరిని గెలిపించినా రెండోవారికి అన్యాయమే. వయసులో పెద్దవాడంటారా? చిన్నవాడు ఒప్పుకోడు. మళ్లీ పోలింగ్ అంటారా? ఈసారి ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టగలిగినవాడిదే పైచేయి. ఇద్దరినీ సమానంగా చూసేది చీటీ ఒక్కటే.

అంచుదాకా వెళ్లిన ఎన్నికలు మనకు కొత్త కాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ తొమ్మిదే ఓట్లతో గెలిచారు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో అక్కడి కాంగ్రెస్ అధ్యక్షుడు సి.పి.జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. ఆయనకు ఇంకొక్క ఓటు పడి ఉంటే మీ వార్డులోలాగే చీటీలు తీయాల్సి వచ్చేది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ అసెంబ్లీ, లోక్‌సభలకు కూడా అదే చెబుతుంది. చీటీలో గెలిచినట్టు మాత్రం చట్టం ఒప్పుకోదు. చీటీ తగిలిన అభ్యర్థికి అదనంగా ఒక ఓటు వచ్చినట్టు భావించాలని రాసుకుంది.